కుదువ సొమ్ము, చట్టం చూపు: చండ్రుగొండ ఏజెన్సీ నేపథ్యంలో చరాస్తి తాకట్టు నిబంధనల విమర్శ

వ్యాససంగ్రహం

షెడ్యూల్డు ప్రాంతంలో భూమి చేతులు మారకుండా కాపాడే శాసనాలు గట్టివి. భూమి హామీగా నిలవని చోట అప్పుకు పూచీ పడేది ఒంటిమీది నగ, ఇంటిలోని పాత్ర. ఆ వస్తువు కుదువకు వెళ్ళినప్పుడు వర్తించే నిబంధనలు మాత్రం సమానబలం గల ఇద్దరు వ్యాపారులను దృష్టిలో ఉంచుకొని రాసినవి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ వంటి ఏజెన్సీ మండలాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టాన్ని, దానికి ముందున్న స్మృతి సంప్రదాయాన్ని, 2025 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాలను విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కుదువ, ఆధి, తాకట్టు, మిత్తి, జప్తు, స్త్రీధనం, ఐదవ షెడ్యూలు, చండ్రుగొండ.

1. ఉపోద్ఘాతం

పాత ఖమ్మం జిల్లాలో కొత్తగూడెం, అశ్వారావుపేటల నడుమ అడవి అంచున ఉన్న మండలం చండ్రుగొండ. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో అది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. కోయలు, లంబాడీలు, గిరిజనేతర రైతులు, కౌలుదారులు కలిసి బతికే ప్రాంతమిది. వరి, పత్తి, మిరప, పోడు సేద్యం ఇక్కడి జీవనాధారాలు. వానాకాలం మొదట్లో విత్తనాలకు, ఎరువులకు చేతిలో డబ్బు కావాలి. పంట అమ్ముడయ్యేది నెలల తరువాత. ఈ ఎడమే అప్పుకు మూలం. అప్పుకు హామీ ఏమిటన్న ప్రశ్న దగ్గర ఏజెన్సీ గ్రామం మైదాన గ్రామం నుండి వేరుపడుతుంది.

1959 నాటి ఏజెన్సీ భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణ ప్రాంతానికి విస్తరించింది. 1970 సవరణతో, అంటే జనవ్యవహారంలోని 1/70 చట్టంతో, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనుడైనా గిరిజనేతరుడైనా గిరిజనేతరుడికి బదలాయించడం చెల్లకుండా పోయింది. బదలాయింపు అన్న మాటలో తనఖా కూడా ఇమిడి ఉంది. బ్యాంకులకు, సహకార సంఘాలకు తరువాత కొంత వెసులుబాటు దొరికినా, ఊరిలో అప్పిచ్చే వ్యక్తి భూమిని హామీగా పట్టడానికి దారి మూసుకుపోయింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పోడు పట్టా వారసులకు సంక్రమిస్తుందే తప్ప బదిలీకి పనికిరాదని ఆ చట్టం 4వ సెక్షనే చెబుతోంది.

ఈ రక్షణలు అవసరమైనవే. అవి లేకపోతే ఏజెన్సీలో గిరిజనుడి చేతిలో సెంటు భూమి మిగిలేది కాదన్న వాదనలో అతిశయోక్తి తక్కువ. కాని వాటికొక పర్యవసానం ఉంది. అప్పు అవసరం తగ్గలేదు, హామీ ఒక్కటే స్థలం మార్చుకుంది. భూమి మీద పడవలసిన బరువు పుస్తెల మీద, కడియాల మీద, బిందెల మీద పడింది. ఆ బరువును మోసే వస్తువుకు చట్టం ఏపాటి రక్షణ ఇచ్చిందన్న పరిశీలన భూమి గురించిన చర్చలో దాదాపు కనిపించదు.

2. ఆధి నుండి కుదువ దాకా

తెలుగులో ఈ వ్యవహారానికి మాటలు చాలా ఉన్నాయి. శాస్త్రగ్రంథాల్లో ఆధి, వాడుకలో కుదువ, తాకట్టు, తెలంగాణలో గిర్వీ, స్థిరాస్తికైతే తనఖా. యాజ్ఞవల్క్య స్మృతి, దానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, ఆధిని రెండు విధాలుగా చూశాయి. దాచి ఉంచవలసినది గోప్యాధి. అనుభవించదగినది భోగ్యాధి. నగలు, పాత్రలు మొదటి కోవకు, పొలం, పశువు రెండవ కోవకు చెందుతాయి. పదమూడవ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరము' పేరుతో ఈ ధర్మశాస్త్రాన్ని తెలుగు పద్యంలోకి తెచ్చాడు. అంటే రుణ వ్యవహార నియమాలు దేశభాషలో అందుబాటులోకి వచ్చి ఏడు శతాబ్దాలు దాటింది.

ఆ నియమాల్లో నేటి విమర్శకు పనికివచ్చేవి మూడున్నాయి. గోప్యాధిని రుణదాత తానే వాడుకుంటే వడ్డీ పోతుంది. కుదువకు వచ్చిన కడియాన్ని రుణదాత ఇంటివారు పెళ్ళికి పెట్టుకుంటే ఆ అప్పుకు వడ్డీ అడిగే హక్కు లేదన్నమాట. రెండవది, వడ్డీ పెరిగి మొత్తం అసలుకు రెట్టింపైనా విడిపించకపోతే ఆధి రుణదాత సొత్తవుతుంది. ఇది రుణగ్రస్తుడికి కఠినమైన నియమం. అయితే ఆ కాఠిన్యాన్ని తగ్గించే మూడవ నియమాన్ని బృహస్పతి చెప్పాడు, మితాక్షర స్వీకరించింది. గడువు తీరినా రుణదాత పద్నాలుగు రోజులు ఆగాలి, ఆ లోపల బాకీ తీర్చి వస్తువును తెచ్చుకోవచ్చు.

తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ వినిపించే మాట ఒకటుంది: 'నగ మిత్తి కిందే పోయింది'. ఆ మాటలో ఫిర్యాదు కన్న అంగీకారమే ఎక్కువ. వడ్డీ పెరిగి వస్తువు విలువను అందుకోగానే వస్తువు అప్పిచ్చినవాడిదైపోతుందన్నది అందులోని న్యాయభావన. యాజ్ఞవల్క్యుడి నియమంలోని మొదటి సగం, అంటే వస్తువు పోవడం, జనస్మృతిలో నిలిచింది. పద్నాలుగు రోజుల సగం మరుగునపడింది. వడ్డీ పోయే నియమం అంతకన్న ముందే మరుగునపడింది. శాస్త్రం అంతరించినా అందులో బలవంతుడికి అనుకూలమైన భాగం ఆచారంగా బతుకుతుందనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

నేటి చట్టం ఇందుకు పూర్తిగా విరుద్ధం. పీటీసీ ఇండియా ఫైనాన్షియల్ సర్వీసెస్ కేసులో 2022లో సుప్రీంకోర్టు తాకట్టు స్వరూపాన్ని వివరంగా చర్చించింది. తాకట్టు వల్ల యాజమాన్యం మారదని, వస్తువును పట్టినవాడు తనకు తానే అమ్ముకోలేడని తేల్చింది. ఆ తీర్పు ప్రకారం 'మిత్తి కింద పోవడం' అనే ప్రక్రియ చట్టంలో లేదు. అయినా ఊరి దుకాణంలో అది రోజూ జరిగే పనే.

3. కాంట్రాక్టు చట్టం: 172 నుండి 179 వరకు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో ఎనిమిది సెక్షన్లు, మధ్యలో చేర్చిన 178ఎ తో కలిపి తొమ్మిది, తాకట్టుకు కేటాయించారు. బాకీ తీర్చడానికి హామీగా వస్తువును అప్పగించడమే తాకట్టు అని 172 నిర్వచిస్తుంది. అసలు, వడ్డీ, భద్రపరచడానికైన ఖర్చు తీరేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కును 173 ఇస్తుంది. ఇంతవరకు చిక్కు లేదు.

చిక్కు 174తో మొదలవుతుంది. ఒక అప్పుకు పెట్టిన వస్తువును వేరే అప్పుకు అట్టిపెట్టుకోరాదని ఆ సెక్షన్ మొదటి వాక్యం. అయితే తాకట్టు పెట్టిన తరువాత అదే వ్యక్తి ఇచ్చిన అప్పులకు కూడా ఆ వస్తువే హామీ అని, విరుద్ధమైన ఆధారం లేనప్పుడు, భావించాలని రెండవ వాక్యం. మొదటి వాక్యం ఇచ్చిన రక్షణను రెండవది వెనక్కి తీసుకుంటోంది. జూన్‌లో విత్తనాలకు గొలుసు పెట్టిన మనిషి సెప్టెంబరులో ఆసుపత్రి ఖర్చుకు అదే షావుకారు దగ్గర మరికొంత చేబదులు తెచ్చుకుంటే, సంక్రాంతికి గొలుసు విడిపించడానికి వెళ్ళినప్పుడు రెండు బాకీలూ తీర్చాల్సిందే. విరుద్ధమైన ఒప్పందం ఉందని నిరూపించే భారం కాగితం లేనివాడిది. వ్యాపారుల నడుమ ఈ ఊహ సబబే కావచ్చు, ఎందుకంటే ఇద్దరికీ ఖాతా పుస్తకాలుంటాయి. ఖాతా ఒక్కరి చేతిలోనే ఉండే చోట అదే ఊహ అన్యాయానికి దారితీస్తుంది.

176వ సెక్షన్ ఈ అధ్యాయానికి గుండెకాయ. బాకీ గడువు దాటితే వస్తువును ఉంచుకొని దావా వేయవచ్చు, లేదా సముచితమైన నోటీసు ఇచ్చి అమ్మవచ్చు. తక్కువ వస్తే మిగిలినది రుణగ్రస్తుడు కట్టాలి, ఎక్కువ వస్తే ఆ మిగులు అతనికి తిరిగి ఇవ్వాలి. అమ్మకం జరిగే క్షణం దాకా విడిపించుకునే హక్కు ఉందని 177 చెబుతుంది. సముచితమైన నోటీసు అంటే ఎన్ని రోజులు, ఏ రూపంలో, ఏ భాషలో అన్నది చట్టం చెప్పలేదు. బృహస్పతి లెక్కపెట్టి చెప్పిన పద్నాలుగు రోజులకు బదులు ఆధునిక చట్టం ఒక విశేషణాన్ని పెట్టింది. విశేషణానికి అర్థం చెప్పేది కోర్టు. ఇంటిల్లిపాదీ మిరపకోతలకు వేరే ఊరు వెళ్ళిన కుటుంబం ఆ కోర్టు దాకా చేరుతుందా?

చేరదనడానికి కేసుల చరిత్రే సాక్ష్యం. తాకట్టు చట్టంలో తరచు ఉదహరించే తీర్పు లల్లన్ ప్రసాద్ వర్సెస్ రహమత్ అలీ, 1967లో నివేదితమైంది. వస్తువును తిరిగి ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడు బాకీకి డిక్రీ పొందలేడని, అప్పూ వస్తువూ రెండూ ఒకరికే దక్కవని అందులో సుప్రీంకోర్టు తేల్చింది. అమూల్యమైన సూత్రం. కాని ఆ కేసులో తాకట్టు వస్తువు విమానాల తుక్కు. 2022 నాటి తీర్పులో డీమ్యాట్ షేర్లు. భారతదేశంలో కోట్లాది కుటుంబాలు కుదువ పెట్టే నగ ఈ ప్రధాన తీర్పుల్లో ఎక్కడా లేదు. చిన్న తాకట్టు కోర్టు ఖర్చును మోయలేదు గనుక కోర్టుకు రాదు. రాదు గనుక దాని అవసరాలకు తగినట్లు చట్టం ఎదగలేదు.

కాలపరిమితి విషయంలోనూ ఇదే అయోమయం. 1908 నాటి చట్టంలో కుదువ వస్తువు కోసం దావా వేయడానికి ముప్పై ఏళ్ళ గడువు ఉండేది. 1963 నాటి చట్టం 70వ ఆర్టికల్ దాన్ని మూడేళ్ళకు తగ్గించింది. అయితే లెక్క మొదలయ్యేది కుదువ పెట్టిన రోజు నుండి కాదు, అడిగితే ఇవ్వనన్న రోజు నుండి. పైకి నష్టంగా కనిపించినా ఇది రుణగ్రస్తుడికి మేలు చేయగల మార్పు. కాని ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కాదన్నారు అన్నది రశీదు లేని వ్యవహారంలో నోటిమాటగానే మిగులుతుంది.

4. జప్తుకు రానిది, కుదువకు వచ్చేది

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయరాని వస్తువుల జాబితా ఇస్తుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ విడనాడకూడని ఆభరణాలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతుకు జీవికకు అవసరమైన పశువులు, సేద్యపు సామాను, విత్తనపు ధాన్యం అందులో ఉన్నాయి. అప్పులవాడిని ఇంటినుండి బయటకు లాగినా బతకడానికి కనీసమైనవి మిగలాలన్న మానవీయ దృష్టి ఆ జాబితాలో ఉంది.

ఆ జాబితా కోర్టు చేతిని మాత్రమే ఆపుతుంది. మనిషి తన చేతులతో తానే పట్టుకెళ్ళి అప్పగిస్తే దానికి అడ్డులేదు. కోర్టు అమీను ముట్టుకోకూడని బిందె, షావుకారు అటక మీద నిరభ్యంతరంగా ఉంటుంది. అమీను తాకరాని పుస్తెలు తూకపు పళ్ళెంలో పడతాయి. గోదావరి ప్రాంతంలో పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత నవ్వు పుట్టించేది పుస్తెలు అమ్మడం ఊహకందని పని గనుక. కుదువ దుకాణంలో ఆ పనికి నవ్వేవారుండరు. ఇష్టపూర్వకంగా ఇచ్చినది కదా అన్నది చట్టం సమాధానం. వర్షం పడిన వారంలో విత్తనం దొరకాలంటే మరో హామీ లేని మనిషి ఇష్టం ఎంతటి ఇష్టమన్న ప్రశ్న దగ్గర కాంట్రాక్టు చట్టం ఆగిపోతుంది.

60వ సెక్షన్‌లోనే మరొక లోపం ఉంది. పనిముట్లకు, పశువులకు రక్షణ జీవిక కారణంగా వచ్చింది. ఆభరణానికి మతాచారం కారణంగా వచ్చింది. కోయ స్త్రీ వెండి కడియం ఏ మతాచారం కిందకు వస్తుంది? ఆచారంలో దానికి స్థానమున్నా కోర్టులో నిరూపించాలి. నిజానికి ఆ కడియానికి రక్షణ కావలసింది పవిత్రత వల్ల కాదు, అది ఆ ఇంటి పొదుపు కావడం వల్ల. చట్టం నగను పూజావస్తువుగానో సరుకుగానో గుర్తించింది, స్త్రీ పొదుపుగా గుర్తించలేదు.

వస్తువులు అయిపోతే మనిషే కుదువకు వెళ్ళిన చరిత్ర కూడా ఈ నేలదే. నిజాం రాజ్యంలో అప్పు కింద మనిషి చాకిరీకి కట్టుబడే భగేలా పద్ధతిని నియంత్రించడానికి 1936లోనే శాసనం వచ్చింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం భగేలాను, జీతాన్ని, పాలేరు పద్ధతిని పేరుపెట్టి నిషేధించింది. ఆ బాకీకి తనఖాలో ఉన్న ఆస్తిని విడిపించి తిరిగి ఇవ్వాలని 7వ సెక్షన్‌లో ఆదేశించింది. మనిషి తాకట్టును రద్దు చేసేటప్పుడు వస్తువు తాకట్టును కూడా గుర్తుంచుకున్న అరుదైన చట్టమది.

5. భార్య నగ, భర్త అప్పు

కుదువకు వెళ్ళే నగ ఎక్కువగా స్త్రీది, అప్పు ఎక్కువగా పురుషుడి పేరు మీద ఉంటుంది. యాజ్ఞవల్క్య స్మృతి కరవులో, ధర్మకార్యంలో, వ్యాధిలో, నిర్బంధంలో భర్త తీసుకున్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదంది. మినహాయింపులు ఇన్ని పెట్టారంటే, ఆపదలో భార్య నగే ఇంటికి దిక్కన్న వాస్తవం అప్పటికే తెలిసినదన్నమాట. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం స్త్రీకి సంపూర్ణ ఆస్తి అని ప్రకటించింది. 2024 ఏప్రిల్‌లో కేరళ నుండి వచ్చిన ఒక కేసులో, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇచ్చే నైతిక బాధ్యత అతనిదేనంది.

కాంట్రాక్టు చట్టం 179వ సెక్షన్ ప్రకారం, పరిమితమైన హక్కు గలవాడు పెట్టిన తాకట్టు ఆ హక్కు మేరకే చెల్లుతుంది. భార్య నగ మీద భర్తకు హక్కే లేనప్పుడు, ఆమె సమ్మతి లేకుండా అతను పెట్టిన తాకట్టు దేని మేరకు చెల్లుతుంది? ఈ తర్కం ప్రకారం వస్తువును పట్టేముందు రుణదాత యజమానురాలి సమ్మతి అడగాలి. అడిగే ఆచారం మాత్రం లేదు. పైగా షెడ్యూల్డు తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. స్త్రీధనం అన్న శాస్త్రీయ భావనను యథాతథంగా కోయ కుటుంబానికి ఆపాదించడమూ సరికాదు. అక్కడ ఆచారమే ఆధారం, ఆ ఆచారం కోర్టు భాషలో రాసిలేదు.

6. 2025 ఆదేశాలు: ఎవరికి, ఎంతవరకు

బంగారం, వెండి హామీ రుణాలపై రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో సమగ్ర ఆదేశాలు జారీచేసింది. రుణసంస్థలు 2026 ఏప్రిల్ 1 నాటికి వాటిని అమలు చేయాలని గడువు పెట్టింది. ఈ వ్యాసం పరిశీలించిన నిబంధనలన్నిటిలో రుణగ్రస్తుడిని కళ్ళెదుట ఉంచుకొని రాసినవి ఇవే. రెండున్నర లక్షల రూపాయల లోపు వినియోగ రుణానికి బంగారం విలువలో 85 శాతం, ఐదు లక్షల దాకా 80, ఆపైన 75 శాతం పరిమితి పెట్టారు. నాణ్యత పరీక్ష రుణగ్రస్తుడి ఎదుటే జరగాలి. పత్రాలు ప్రాంతీయ భాషలో లేదా అతను కోరిన భాషలో ఉండాలి. చదువురానివారికి షరతులను సంస్థ ఉద్యోగి కాని సాక్షి ఎదుట వివరించాలి. బాకీ తీరాక ఏడు పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వాలి. సంస్థ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. వేలంలో కనీసధర ప్రస్తుత విలువలో 90 శాతానికి తగ్గరాదు. వెండి నగల హామీకి కూడా ఈ రక్షణలు వర్తించడం ఏజెన్సీ దృష్ట్యా గమనించదగినది.

ప్రశంసించదగిన ఈ ఆదేశాలకు మూడు హద్దులున్నాయి. నగ విలువను లోహం తూకంగానే చూస్తాయి, రాళ్ళకు, పనితనానికి విలువ లేదు. ఇది ఆర్థికంగా సమంజసమే, కాని కొన్ననాడు మజూరీ, తరుగు పేర కట్టిన సొమ్ము కుదువనాడు మాయమవుతుంది. రెండవది, వేలం ప్రకటన వార్తాపత్రికల్లో వేయాలన్న నిబంధన. కోయ మాట్లాడే గూడేనికి అది చేరుతుందన్న భరోసా లేదు. మూడవదే అన్నిటికన్న ముఖ్యం. ఇవి బ్యాంకులకు, బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు వర్తిస్తాయి, ఊరి షావుకారుకు వర్తించవు. రశీదు లేని వెండి పట్టీలు, ఇత్తడి గుండిగ ఎక్కడ కుదువకు వెళతాయో అక్కడికి ఈ ఆదేశాలు వెళ్ళవు.

దీనికి అవతలివైపు మరో ఖాళీ ఉంది. నెడుంపిల్లి ఫైనాన్స్ కేసులో 2022లో సుప్రీంకోర్టు, రిజర్వు బ్యాంకు నియంత్రణలోని బ్యాంకేతర సంస్థలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవంది. ఆంధ్రప్రదేశ్ 2011లో తెచ్చిన సూక్ష్మరుణ సంస్థల చట్టం, సభ్యుల నుండి కుదువ అడగరాదని, వడ్డీ అసలును మించరాదని చెప్పింది. స్మృతుల నాటి దామదుపటు సూత్రం ఇందులో కొత్త వేషంతో తిరిగివచ్చింది. నెడుంపిల్లి తర్కంతోనే ఆ చట్టం కూడా నియంత్రిత సంస్థల విషయంలో నిలవలేకపోయింది. ఫలితంగా పెద్ద సంస్థ రాష్ట్రానికి అందదు, చిన్న షావుకారు రిజర్వు బ్యాంకుకు అందడు.

7. ఐదవ షెడ్యూలు తెరచి ఉంచిన దారి

చండ్రుగొండకు ఈ చిక్కులో ఒక ప్రత్యేకత ఉంది. షెడ్యూల్డు తెగలవారికి అప్పులిచ్చే వడ్డీవ్యాపారాన్ని నియంత్రించే నిబంధనలు చేసే అధికారం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు 5(2) పేరా కింద గవర్నరుకు ఉంది. అందుకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. 1960లో ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీవ్యాపారుల నిబంధన ఈ అధికారంతోనే వచ్చింది. లైసెన్సు, లెక్కలు దాని ప్రధాన ఆయుధాలు. 1996 నాటి పెసా చట్టం వడ్డీవ్యాపారంపై అదుపును గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి అప్పగించింది. అయితే ఈ రెండింటి చూపూ వ్యాపారి మీద ఉంది. అతని లైసెన్సు మీద ఉన్నంత శ్రద్ధ కుదువ వస్తువు భవితవ్యం మీద లేదు.

5(1) పేరా ఇంకొక దారి చూపుతుంది. పార్లమెంటు చేసిన చట్టాన్ని షెడ్యూల్డు ప్రాంతానికి మార్పులతో వర్తింపజేయమని గవర్నరు ప్రకటన ద్వారా ఆదేశించవచ్చు. ఏజెన్సీ ఉపాధ్యాయ నియామకాలకు సంబంధించిన చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో 2020లో సుప్రీంకోర్టు ఈ అధికారానికి హద్దులు గీసింది. ఉన్న చట్టాన్ని మార్చి వర్తింపజేయవచ్చు గాని కొత్త చట్టాన్ని సృష్టించరాదు, ప్రాథమిక హక్కులను దాటరాదు. ఆ హద్దులకు లోబడే కాంట్రాక్టు చట్టంలో మూడు మార్పులు సాధ్యం. 174లోని ఊహను తిరగరాసి, తరువాతి అప్పుకు కూడా అదే వస్తువు హామీ అని నిరూపించే భారాన్ని రుణదాత మీద పెట్టవచ్చు. 176లోని సముచితమైన నోటీసును రోజుల్లో చెప్పి, అది గ్రామసభ ద్వారా అందాలని నిర్దేశించవచ్చు. 172 కింద తాకట్టుకు రాతపూర్వకమైన చీటీని, నగ స్త్రీదైతే ఆమె సమ్మతిని తప్పనిసరి చేయవచ్చు.

నెడుంపిల్లి తీర్పు రాష్ట్ర శాసనసభ చేసిన చట్టాల గురించి చెప్పింది. 5(1) కింద మారేది పార్లమెంటు చట్టమే గనుక ఆ అభ్యంతరం దీనికి నేరుగా తగలదన్న వాదనకు బలముంది. అప్పుడు అదే 176వ సెక్షన్ బ్యాంకు శాఖకు, ఊరి షావుకారుకు ఒకేలా వర్తిస్తుంది. చీటీ షరతు వల్ల ఊరిలో చేబదులు దొరకడమే కష్టమవుతుందన్న ప్రతివాదాన్ని తోసిపుచ్చలేము. విత్తే వారంలో అది నిజమైన భయం. గిరిజన సహకార సంస్థ 1956 నుండి అటవీ ఉత్పత్తుల కొనుగోలుకు, నిత్యావసరాల సరఫరాకు ఏజెన్సీలో పనిచేస్తోంది. ఆ స్థాయి సహకార వ్యవస్థ చిన్న కుదువ రుణాన్ని కూడా చేపడితేనే ఆ భయానికి జవాబు దొరుకుతుంది. లేని పక్షంలో 176ను ఎంత బాగా సవరించినా, నోటీసు అందుకోవడానికి ముందే కడియం 'మిత్తి కింద' పోతూనే ఉంటుంది.